మేడ మీద జడ్జీ, కింద కక్షిదారు

పారిస్ కొత్త కోర్టును దూరం నుంచి చూస్తే ఏ బ్యాంకు హెడ్డాఫీసో అనుకుంటాం. 160 మీటర్ల ఎత్తు, 38 అంతస్తులు. గోపురం లేదు, స్తంభాల వరస లేదు. వెడల్పాటి అడుగు మీద, పైకి పోయేకొద్దీ చిన్నవయ్యే మూడు గాజు పెట్టెలు పేర్చినట్టుంటుంది. రెంజో పియానో గీసిన ఈ భవనం 2018 ఏప్రిల్‌లో తెరుచుకుంది. ఒక్కో పెట్టె వెనక్కి జరిగిన చోట మిగిలిన డాబా మీద చెట్లు నాటారు. చెట్టు కింద ప్లీడరంటే మనకు వెటకారం గానీ, అక్కడ ఆ చెట్టు కోసం మేడెక్కాలి!

అసలు తెలివంతా కింద ఉంది. 90 కోర్టు హాళ్ళూ ఆ వెడల్పాటి అడుగుభాగంలోనే సర్దారు. ఎత్తంతా జడ్జీల, ప్రాసిక్యూటర్ల ఆఫీసులకు పోయింది. సమన్లు అందుకుని వచ్చినవాడు ముప్పయ్యో అంతస్తుకు లిఫ్టు కోసం కాచుకోనక్కర్లేదు. అతను అడుగుపెట్టేది 28 మీటర్ల ఎత్తున్న హాల్లోకి. పైకప్పులోంచి పగటి వెలుగు నేల దాకా దిగుతుంది. ఇరుకు వరండాలో గోడకు ఆనుకుని, పేరెప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించినవాళ్ళకు ఆ వెలుగు విలువ తెలుస్తుంది. కోర్టుకొచ్చినవాడి రోజులో వాదన ఎంతసేపు, కూర్చోవడం ఎంతసేపు?

మన దగ్గరికొస్తే, రాజేంద్రనగర్‌లో 100 ఎకరాల్లో తెలంగాణ హైకోర్టుకు 2024లో పునాదిరాయి పడింది. అమరావతి హైకోర్టుకు స్తూపం ఆకారం గీయించారు. ఆకారం మీద మనవాళ్ళకు శ్రద్ధ ఎక్కువే. కక్షిదారు కూర్చునే బెంచీల సంగతి అడిగినవాళ్ళు తక్కువ.

పారిస్ లాయర్లు మాత్రం ముందే అడ్డుతగిలారు, అయితే చోటు గురించి. సేన్ నది మధ్య దీవిలోని పాత కోర్టు వదిలి ఊరి అంచుకు పొమ్మంటే ఒప్పుకోక కేసులు వేశారు. పని కొన్నాళ్ళు ఆగింది, చివరికి ఓడిపోయారు. అప్పీలు కోర్టు పాతచోటే ఉండిపోవడంతో ఇప్పుడు నల్లకోట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. 14వ నంబరు మెట్రో కొత్త కోర్టు దాకా చేరింది 2021లో.

లాయర్లు గట్టిగా మండిపడింది బోనుల మీద. కొన్ని హాళ్ళలో నిందితుణ్ణి నాలుగువైపులా మూసిన గాజుగదిలో కూర్చోబెట్టారు. వకీలు చెవిలో ఒక్క మాట వేయాలంటే గాజు సందులోకి వంగాల్సి వచ్చింది, పక్కన పోలీసు ఉండగా. బయట గోడలకు పెట్టిన గాజు జనానికి లోపలున్నది కనపడాలని. లోపలి గాజుతో ముద్దాయికి తన లాయరే దూరమయ్యాడు. ఇందులో పియానోను అని లాభం లేదు. బోనులు అలాగే ఉండాలన్నది న్యాయశాఖ.