స్టర్జన్‌కు రక్త పరీక్ష: చెరువు రైతుకు పనికొచ్చేదెంత?

స్టర్జన్ చేప గుడ్లనే కేవియర్ అంటారు. ప్రపంచ మార్కెట్‌లో వీటికి భారీ ధర పలుకుతుంది. ఆ ధర విని మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో ట్యాంకులు కట్టాలనుకునే రైతులు ముందుగా ఈ చేప గుడ్డుకొచ్చే తీరు తెలుసుకోవాలి.

రక్తం ఏం చెబుతుంది?

స్టర్జన్‌లో ఆడ, మగ తేడా పైకి కనిపించదు. చాలా జాతుల్లో ఆడ చేప గుడ్డుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. అన్నేళ్లు మగ చేపకు మేత పోస్తే నష్టమే. అందుకే విదేశీ ఫారాల్లో స్కానింగ్‌తో పాటు రక్త పరీక్ష కూడా చేస్తారు. గుడ్డు కట్టే దశలో ఈస్ట్రడయోల్ హార్మోన్ పెరుగుతుంది. దాంతో కాలేయం విటెల్లోజెనిన్ అనే సొన ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఈ ప్రొటీన్ కాల్షియాన్ని పట్టుకొని ఉంటుంది కాబట్టి రక్తంలో కాల్షియం కూడా పెరుగుతుంది.

అయితే గుడ్డు పెరుగుతోందని మాత్రమే రక్తం చెబుతుంది. ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలో తేల్చాలంటే కొన్ని గుడ్లు తీసి, కోసి, కేంద్రకం అంచుకు జరిగిందా అని చూడాలి.

మన దగ్గర కుదురుతుందా?

తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ల్యాబులు ఉండొచ్చు. కానీ స్టర్జన్‌కు చల్లని నీళ్లు కావాలి. మన ఎండలకు నీళ్లు చల్లబరచే కరెంటు ఖర్చే చిన్న రైతును ముంచుతుంది. పైగా అనుమతి లేకుండా విదేశీ చేపలను తేకూడదు.

మీరు చూడాల్సినవి

బొచ్చె, రోహు, మృగాల తల్లి చేపలకు రక్త పరీక్ష అక్కర్లేదు. హేచరీకి వెళ్లినప్పుడు ఇవి గమనించండి:

• ఆడ చేప: పొట్ట ఉబ్బి మెత్తగా, మలద్వారం ఎర్రగా ఉబ్బి ఉండాలి.
• మగ చేప: ముందు రెక్కలు గరుకుగా ఉండాలి. పొట్ట మెల్లగా నొక్కితే పాలు రావాలి.
• ఏటా అవే తల్లి చేపలను వాడుతున్నారా, కొత్తవి తెస్తున్నారా అడగండి.

సిద్ధంగా లేని చేపకు ఇంజెక్షన్ ఇస్తే గుడ్లు సరిగా పొదగవు, పిల్ల ఆలస్యమవుతుంది. వానకు నిండి వేసవికి ఎండే కుంటల్లో నెల ఆలస్యమైనా పట్టుబడి నాటికి చేప బరువు తగ్గుతుంది. కాబట్టి వానలకు ముందే హేచరీతో మాట్లాడుకోండి. ఖరీదైన కొత్త చేప గురించి ఎవరైనా ఆశ పెడితే, డబ్బు కట్టేముందు జిల్లా మత్స్యశాఖ అధికారిని గానీ, హైదరాబాద్‌లోని జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డును గానీ సంప్రదించండి.