తేనీరు – కంటిచూపు

ఇంద్రియాలన్నిటిలోను కన్ను ప్రధానమని పెద్దల మాట. ఆ కంటికీ, నిత్యజీవితంలో భాగమైపోయిన తేనీటికీ గల సంబంధాన్ని గురించి లోకంలో పరస్పర విరుద్ధమైన రెండు అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. టీ ఎక్కువగా తాగితే చూపు మందగిస్తుందని కొందరు పిల్లలను హెచ్చరిస్తారు. టీ కంటికి ఔషధమని మరికొందరు పొగుడుతారు. ఆరోగ్యవంతుల విషయంలో ఈ రెండూ అతిశయోక్తులే. మితంగా తాగిన టీ కంటిని పాడుచేస్తుందనడానికి ఆధారం లేదు. కంటిజబ్బును నయం చేస్తుందనడానికీ ఆధారం లేదు. అయితే కంటికి కావలసిన విశ్రాంతికి, వైద్యానికి బదులుగా టీని ఆశ్రయించడంలో మాత్రం నిజమైన ప్రమాదం ఉంది.

తేయాకులో కెఫీన్ అనే ఉత్తేజక పదార్థం ఉంటుంది. ఒక కప్పు టీలో ఇది సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. మనిషి మేల్కొని ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ నిద్రమత్తును కలిగిస్తుంది. కెఫీన్ ఆ పదార్థం పనిచేయవలసిన చోట్లను ఆక్రమించి మత్తును అడ్డుకుంటుంది. దీనివల్ల అలసట తీరినట్లు అనిపిస్తుందే గాని, శరీరానికి కావలసిన నిద్ర అలాగే మిగిలిపోతుంది. ఒంటిలో చేరిన కెఫీన్‌లో సగం తొలగిపోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9 గంటలకు తాగిన టీ ప్రభావం అర్ధరాత్రి దాటినా కొంత మిగిలి ఉండటానికి ఇదే కారణం.

ఇక కంటి సంగతి. కంటిలోపల నిరంతరం ఊరే ద్రవం వల్ల కొంత పీడనం ఉంటుంది. సాధారణంగా ఇది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి సమానం. ఈ పీడనం పెరిగితే దృష్టినాడి క్రమంగా దెబ్బతిని నీటికాసుల వ్యాధి రావచ్చు. దీనినే గ్లకోమా అంటారు. కెఫీన్ తీసుకున్న ఆరోగ్యవంతులలో ఈ పీడనం దాదాపు మారదు. మారినా అది స్వల్పం, తాత్కాలికం. ఇదివరకే ఆ వ్యాధి ఉన్నవారిలో మాత్రం కొద్దిసేపు పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. కనుక అటువంటివారు వైద్యుని సలహా పాటించడం మంచిది.

టీని పొగిడేవారు చూపే ఆధారాలనూ పరిశీలించాలి. అమెరికాలో జరిగిన ఆరోగ్య సర్వే వివరాల ఆధారంగా 2017లో ఒక అధ్యయనం వెలువడింది. రోజూ వేడి టీ తాగేవారిలో నీటికాసుల వ్యాధి తక్కువగా కనిపించిందని అది తెలిపింది. కాని పరిశీలించిన 1,678 మందిలో ఆ వ్యాధి ఉన్నవారు 84 మంది మాత్రమే. పైగా రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేం. టీ తాగేవారి ఆహారం, వ్యాయామం, జీవనవిధానం ఇతరులకంటే భిన్నంగా ఉండవచ్చు. ఈ తేడాను గుర్తించడమే శాస్త్రీయ దృక్పథం.

అంతేకాదు, మన ఇళ్లలో కాచే టీలో పాలతోపాటు చక్కెర కూడా ఉంటుంది. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు తాగితే సుమారు 32 గ్రాముల చక్కెర ఒంటిలో చేరుతుంది. రోజుకు 25 గ్రాములకు మించకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అధిక చక్కెర వల్ల బరువు పెరుగుతుంది. అధిక బరువు మధుమేహానికి దారితీయవచ్చు. అదుపులో లేని మధుమేహం కంటిలోని రెటీనాను దెబ్బతీస్తుంది. కనుక భయపడవలసింది తేయాకును చూసి కాదు, అందులో కలిపే చక్కెరను చూసి.

పరీక్షల కాలంలో ఎందరో విద్యార్థులు టీ తాగుతూ అర్ధరాత్రి వరకు చదువుతారు. కళ్లు మండినా, అక్షరాలు మసకబారినా, తల నొప్పి పుట్టినా మరో కప్పు తాగుతారు. పుస్తకాన్నో, తెరనో తదేకంగా చూసేటప్పుడు రెప్పపాట్లు తగ్గి కన్ను పొడిబారుతుంది. దీనికి విరామం కావాలి. నల్లబల్ల మీది అక్షరాలు స్పష్టంగా కనిపించకపోతే అది హ్రస్వదృష్టి కావచ్చు. దానికి కళ్లజోడు కావాలి. ఈ రెండింటినీ టీ ఇవ్వలేదు. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో అంధత్వానికి ముఖ్య కారణాలు శుక్లాలు, దృష్టిదోషాలని తేలింది. నీటికాసుల వ్యాధి ఉన్నవారిలో అధికులకు ఆ సంగతే తెలియదని కూడా వెల్లడైంది. సకాలంలో పరీక్ష చేయించుకుంటే ఈ నష్టంలో చాలా భాగాన్ని నివారించవచ్చు.

స్నేహితులతో కలిసి ఒక కప్పు టీ తాగి సేదదీరడంలో తప్పులేదు. అయితే దానిని నిద్రకు బదులుగా గాని, కంటి వైద్యానికి బదులుగా గాని వాడుకోరాదు. చదువుకునే వయసులో కన్నే పెట్టుబడి. దానిని కాపాడుకోవడానికి తగినంత నిద్ర, మంచి వెలుతురు, మధ్య మధ్య విరామం, ఏడాదికొకసారి కంటి పరీక్ష అవసరం.