లేజరుకు ముందటి ఆరు వారములు

పెండ్లి ముహూర్తము నిశ్చయమైన యింట పట్టుచీరెలు, నగలు, కల్యాణమండపము, వంటవారు అను పట్టికలో ఇప్పుడు చర్మచికిత్సాలయము కూడ చేరినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నములయందే గాక జిల్లా కేంద్రములలో సైతము లేజరు యంత్రములు వెలసి, పై పెదవి మీది రోమములు మొదలుకొని మొటిమలు మాని మిగిల్చిన గుంటల దాక, మంగుమచ్చలు మొదలుకొని యౌవనమున వేయించుకొని తరువాత వలదనుకొన్న పచ్చబొట్ల దాక, సమస్తమును కాంతితోనే తొలగింతుమని బోర్డులు ప్రకటించుచున్నవి. ఈ చికిత్సలను నేను గర్హించుట లేదు. హార్మోనుల వైషమ్యము వలన చెక్కిళ్ళ మీదను గడ్డము క్రిందను వెండ్రుకలు మొలచి, నలుగురిలో తలయెత్తుటకు జంకు యువతికి లేజరు కలిగించు ఉపశమనమును విలాసమని కొట్టివేయుట హృదయము గలవారు చేయదగిన పని కాదు. నా ఆక్షేపణమంతయు తొందరను గూర్చినది. ముహూర్తము మూడు వారములున్నదనగా తలుపు తట్టిన పెండ్లికుమార్తెను, ఎండలో తిరిగి వచ్చితివా, ముఖమునకు ఏమి పూయుచున్నావు, ఏ మందులు మ్రింగుచున్నావు అని అడుగక, ప్యాకేజీ వ్రాసి, రుసుము గైకొని, ఆ పూటనే యంత్రము క్రింద పరుండబెట్టు చికిత్సాలయములు కలవు. లేజరు చికిత్సలో ఫలమును, అపాయమును నిర్ణయించుటలో యంత్రము ధర కన్నను దానికి ముందు గడచిన నెలన్నర కాలమే ప్రధానమని నా దృఢవిశ్వాసము. చామనచాయ మేను గల మనబోటి వారి విషయమున ఇది మరింత సత్యము.

కాంతితో చర్మమును చికిత్సించుట నిన్నమొన్నటి వింత కాదు. చర్మక్షయకు కాంతిచికిత్సను ప్రవేశపెట్టిన డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ 1903లోనే నోబెల్ బహుమానము నందెను. 1960లో కాలిఫోర్నియాలో థియొడోర్ మెయిమన్ కెంపు స్ఫటికము నుండి తొలి లేజరు కిరణమును వెలువరింపగా, కొలది సంవత్సరములలోనే సిన్సినాటి నగరపు చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ దానిని చర్మముపై పరీక్షింప మొదలిడెను. కాని తాకిన చోటెల్ల కాల్చక, కోరిన దానినే కాల్చునట్లు కిరణమును నియమించు సూత్రము 1983లో గాని స్పష్టపడలేదు. ఆ యేట రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అను అమెరికను వైద్యులు ప్రతిపాదించిన దానిని బట్టి, ఏ పదార్థమును నశింపజేయవలెనో ఆ పదార్థము మిక్కిలిగ గ్రహించు తరంగదైర్ఘ్యము గల కాంతిని, అది చల్లారుటకు పట్టు కాలము కన్న తక్కువ కాలము ప్రసరింపజేసినచో, వేడి దానియందే నిలిచి చుట్టుపట్ల కణములు సురక్షితముగ నుండును. రోమముల విషయమున ఆ పదార్థము వాని మూలమునందలి మెలనిన్ అను నల్లని వర్ణద్రవ్యము. చిక్కంతయు ఇచటనే కలదు. ఏలయన అదే మెలనిన్ మన పైచర్మమునందును నిండియున్నది. రోహిణీకార్తె యెండలో తెల్లని గొడుగు కన్న నల్లని గొడుగు ఎక్కువ వేడెక్కినట్లు, మెలనిన్ అధికముగ గల పైచర్మము రోమమూలమునకు పోవలసిన కాంతిని దారిలోనే గ్రహించి తాను వేడెక్కును. ఇది రోమము, ఇది ముఖము అను వివేకము కిరణమునకు లేదు కావున, ఆ వివేకమును చికిత్స చేయువారును, చేయించుకొనువారును వహింపవలెను.

చర్మమును చాయను బట్టి తరగతులుగా విభజించి, నేటికిని లోకమెల్ల వాడుచున్న పట్టికను 1975లో అమెరికను వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ రూపొందించెను. కాంతిచికిత్సలో మోతాదును నిర్ణయించుట కొఱకు, ఎండకు ఎంత కందును, ఎంత నల్లబడును అని విచారించి, శ్వేతజాతీయుల చర్మమును మొదట ఆయన నాలుగు తరగతులు చేసెను. గోధుమవన్నె, నల్లని చర్మములకు అయిదవ, ఆరవ తరగతులు పిమ్మట చేర్చబడినవి. తెలుగువారిలో అధికులు నాలుగు, అయిదు తరగతులకు చెందుదురు. తెల్లని చర్మముపై చక్కగ పనిచేసిన 694 నానోమీటర్ల కెంపు లేజరు, 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజరు మన చర్మముపై బొబ్బలు లేపు భయము హెచ్చు. 810 నానోమీటర్ల డయోడ్ కొంత మేలు. 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ కిరణమును మెలనిన్ తక్కువగ గ్రహించుటచే, అది పైచర్మమును అంతగా బాధింపక లోతునకు దిగును. ఐనను తగిన యంత్రమును ఎన్నుకొన్నంత మాత్రమున పని తీరదు. క్రొత్తగ ఎండకు కమిలిన చర్మముపై ఏ యంత్రమైనను ప్రమాదకరమే. కాలిన చోట మన చర్మము వాపు తగ్గిన పిదప నల్లని మచ్చను మిగుల్చును. అది మాయుటకు నెలలు పట్టును. మచ్చ పోగొట్టుకొన వచ్చినవారు క్రొత్త మచ్చతో మరలిపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము, ఏలయన దానిలో అధికభాగము నివారింపదగినది.

కావున ప్రథమ సన్నాహము ఎండ నుండి కాచుకొనుట. చికిత్సకు ముందు కనీసము నాలుగు వారములు, సాధ్యమైనచో ఆరు వారములు చర్మమును కమలనీయరాదు. వేసవిలో రెంటచింతల, రామగుండములు 45 డిగ్రీలు దాటు దేశమున ఈ మాట చెప్పుట సులభము, పాటించుట కష్టము. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తకు, పొలముల వెంట నడచు వ్యవసాయాధికారిణికి, స్కూటరుపై పాఠశాలకు పోవు ఉపాధ్యాయినికి "ఎండలో తిరుగకండి" అని చీటీ వ్రాసి యిచ్చుట వైద్యము అనిపించుకొనదు. వారి పనివేళలను విచారించి, ఎండ తీవ్రత తగ్గు మాసములకు చికిత్సను జరుపుట వైద్యము. చలికాలపు ఎండ ఒంటికి హితముగ తోచినను అతినీలలోహిత కిరణములు అప్పుడును ఉండును గనుక, సన్‌స్క్రీనును ఏ ఋతువునను విడువరాదు. ఎస్‌పిఎఫ్ 30కి తగ్గని దానిని, చూపుడువ్రేలు, నడిమివ్రేలు పొడవున పిండిన రెండు చారల పరిమాణములో ముఖమునకును మెడకును పూసికొని, బయట ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి మరల పూసికొనవలెను. కందిగింజ పాటి తీసి ముఖమంతయు అలముకొని పని తీరినదనుకొనుట మనలో ఎక్కువ. మంగుమచ్చలు గలవారికి కంటికి కనబడు వెలుగు కూడ చేటు చేయును కాన, ఐరన్ ఆక్సైడు కలిపిన రంగు సన్‌స్క్రీను మేలు. మంగుమచ్చల విషయమున లేజరు మొదటి మందు కానే కాదనియు, ఒక్కొక్కప్పుడు వానిని ముదురజేయుననియు కూడ ఇచటనే చెప్పవలసియున్నది.

రోమములకై వచ్చువారు తెలిసికొనవలసిన రెండవ సంగతి పార్లరుకు సంబంధించినది. వాక్సింగును, థ్రెడింగును వెండ్రుకను కుదురుతో పెరికివేయును. కుదురు లేని చోట కిరణమునకు లక్ష్యమే లేదు. కాన నాలుగు వారముల ముందుగనే వానిని మానవలెను. బ్లీచ్ వెండ్రుకలోని నలుపును హరించును గనుక అదియును కూడదు. నెరసిన వెండ్రుకపై లేజరు పనిచేయకపోవుట కూడ ఇందువలననే. చికిత్సకు ముందునాడు రేజరుతో గొరుగుకొని రావలెనని చెప్పినప్పుడు మన స్త్రీలు ఉలికిపడుదురు. గొరిగినచో వెండ్రుక బిరుసై, దట్టమై మొలచునను నమ్మకము తల్లుల నుండి కుమార్తెలకు సంక్రమించుచున్నది. రేజరు తెగగొట్టునది చర్మముపైని పోగును మాత్రమే, కుదురు దానికి అందదు. తెగిన కొన మొద్దుబారుటచే చేతికి గరుకుగ తోచును గాని వెండ్రుకల సంఖ్య గాని మందము గాని పెరుగదు. ఇంకొకటి: పెరుగుదల దశలో నున్న వెండ్రుకలనే లేజరు సమర్థముగ దెబ్బతీయును, అన్నియు ఒకేమారు ఆ దశలో నుండవు గనుక కొన్ని వారముల యెడముతో పెక్కు సిట్టింగులు తప్పవు. మూడు వారములలో ముఖమును నున్నన చేసెదమను మాట శరీరధర్మమునకే విరుద్ధము. గడ్డము, చెక్కిళ్ళపై రోమములు అధికమైన యువతికి అండాశయముల స్థితిని, హార్మోనులను పరీక్షింపక లేజరు మొదలిడుటయు తప్పే. మూలకారణము అట్లే యుండగా రోమములు మరల మొలచును, కొందరికి కిరణము తగిలిన చుట్టుప్రక్కల క్రొత్తగ మొలచుటయు కలదు.

అన్నిటి కన్న నన్ను కలతపెట్టునది మందుల షాపులో దొరకు క్రీముల సంగతి. 1975లోనే, అనగా ఫిట్జ్‌పాట్రిక్ తన పట్టిక నిచ్చిన యేటనే, మన దేశపు విపణిలో ఫెయిర్ అండ్ లవ్లీ అడుగిడినది. 2020లో దాని పేరు నుండి తెలుపును సూచించు మాట తొలగినను, తెల్లబడవలెనను తహతహ మన యిండ్లలో తొలగలేదు. ఆ తహతహయే ఎందరినో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడును కలిసిన గొట్టముల వద్దకు నడుపుచున్నది. కొలది వారములు, వైద్యుని కనుసన్నలలో వాడదగిన ఆ మిశ్రమమును పొరుగింటి వారు చెప్పిరని నెలల తరబడి, సంవత్సరముల తరబడి పూయువారు కలరు. మొదట ముఖము తేటపడినట్లుండును. పిదప చర్మము పలుచనై, ఎఱ్ఱని సన్ననాళములు పైకి తేలి, మొటిమలు, రోమములు లేచును. మానినచో మంట, కందుదల. భారత చర్మవైద్యుల సంఘము దీనిపై ఏండ్లుగా పోరాడినది. 2018లో ప్రభుత్వము ఇట్టి పెక్కు స్టెరాయిడ్ క్రీములను చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది. ఐనను అవి చీటీ లేకయే చేతులు మారుచున్నవి. ఇట్లు బలహీనమైన ముఖముపై లేజరు ప్రయోగించుట గాయముపై గాయము. ఆ క్రీమును వైద్యుని పర్యవేక్షణలో మాన్పి, చర్మము కోలుకొనువరకు నెలలు పట్టినను ఆగుటయే కర్తవ్యము. అయితే అడిగినప్పుడు ఎక్కువమంది ఏమియు పూయుట లేదందురు. సిగ్గు వలన కొందరు, అది మందని తెలియక కొందరు. గొట్టమును తెచ్చి చూపుమని వైద్యుడు ప్రేమతో అడుగవలెను, దాచక చూపుట మన ధర్మము. చామనచాయ రోగము కాదు. దానిని మార్చుటకై లేజరు కోరి వచ్చినవారికి ఆ మాట చెప్పి పంపు వైద్యుడే నాకు పూజ్యుడు.

మిగిలిన జాగ్రత్తలను క్లుప్తముగ చెప్పెదను. రెటినాల్, ట్రెటినాయిన్, గ్లైకాలిక్ ఆమ్లము వంటి పూతలను సుమారు వారము ముందు ఆపుదురు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మ్రింగినవారు ఆరు నెలలు ఆగవలెనను పూర్వపు కఠిననియమమును 2017లో అమెరికను చర్మశస్త్రవైద్యుల సంఘము సడలించినది. రోమములు తొలగించు లేజరు వంటి వానికి అంత నిరీక్షణ అవసరము లేదని తేల్చినను, ముఖమంతటి పైపొరను చెక్కు లేజరుకు జాగ్రత్త ఇంకను వలయును. పెదవుల చెంత తరచు హెర్పిస్ పొక్కులు లేచువారికి అట్టి చికిత్సకు ముందే వైరసు మందు నిత్తురు. బొల్లి, సోరియాసిస్, కీలాయిడ్ గడ్డలు పెరుగు స్వభావము, గర్భము, డాక్సీసైక్లిన్ వంటి ఎండ పడనీయని మాత్రల వాడుక ఇవన్నియు ముందుగ తెలుపవలసినవి. ఇక మన యాచారమునకు సంబంధించినది ఒకటి కలదు: పెండ్లికూతును చేయునాడు సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దుట మనకు శుభము, లేజరు సోకి ఇంకను సున్నితముగ నున్న ముఖమునకు ఆ రాపిడి హాని. పెద్దలు నొచ్చుకొనకుండ, కడపటి సిట్టింగునకును నలుగునకును రెండు వారములైన యెడముండునట్లు ముందుగనే తేదీలు చూచుకొనుట మంచిది.

ఇన్ని చెప్పినను, చెవిప్రక్కనో దవడ క్రిందనో చిన్న చోట కిరణమును ప్రయోగించి చూచు టెస్ట్ ప్యాచ్ లేక చికిత్స మొదలిడరాదు. బొబ్బ ఒకటి రెండు దినములలో తెలియును గాని, మన చర్మమున నలుపు తేలుటకు వారములు పట్టవచ్చును. కాన ఆ యెడము ఇచ్చి చూడవలెను. ప్రస్తుతము చికిత్సాలయములలో చేతికిచ్చు సమ్మతిపత్రములు తరచు ఆంగ్లమున నుండుటయు, చదువక సంతకము చేయుటయు, చికిత్సకు ముందు అనుసరింపవలసిన విధులు చికిత్స నాడే చెప్పబడుటయు మారవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యమండలులు చర్మవైద్యుల సంఘముతో ఆలోచించి, ఆరు వారముల ముందు తొలిసారి వచ్చిన నాడే ఈ సన్నాహవిధులను తెలుగులో అచ్చువేసిన కాగితముగ ప్రతివారికి ఇయ్యవలెననియు, టెస్ట్ ప్యాచ్ ఫలితము చూడక మునుపు ప్యాకేజీ సొమ్ము కట్టించుకొనరాదనియు నియమము చేయవలెను.