మాత్ర మానుమన్నది తెర... మూల్యం చెల్లించేది ఇల్లు

కుప్పం వైపు నుంచి వచ్చే రైలు కె.ఆర్.పురంలో ఆగగానే కూలి పనులకు వచ్చినవారితో పాటు మరికొందరు దిగుతారు. చేతిలో ఆసుపత్రి ఫైలు, పక్కన మౌనంగా నడిచే కొడుకో కూతురో. వారి గమ్యం హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్. సరిహద్దు పల్లెలకు మానసిక వైద్యమనగానే స్ఫురించే పేరిది. అయితే మాత్రలతో ఇల్లు చేరిన తరువాతే అసలు పరీక్ష ఆరంభమవుతోంది.

పూర్వం ఆ పరీక్ష తాయెత్తుల రూపంలో ఉండేది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో బంధించి ఉంచిన 28 మంది మనోరోగులు అగ్నికి ఆహుతయ్యారు. నేడు ఆ పరీక్ష సెల్‌ఫోను తెర మీద ఎదురవుతోంది.

ఫోనులో కనిపించేదంతా అసత్యం కాదు. ఇది దెయ్యం కాదు, జబ్బేనని తెలుసుకోవడానికి అదే ఫోను తోడ్పడుతోంది. ప్రమాదమల్లా అర్ధసత్యంలోనే ఉంది. లిథియం మాత్ర మూత్రపిండాలను దెబ్బతీయవచ్చునని వీడియో హెచ్చరిస్తుంది. అందుకే వైద్యులు క్రమం తప్పక రక్తపరీక్ష చేయించి మోతాదు సరిచూస్తారన్న మిగతా సగం చెప్పదు.

మరొక చిక్కు గమనార్హం. నిద్రమత్తు, వణుకు వంటి ఇబ్బందులు తొలినాళ్లలోనే కనిపిస్తాయి. మేలు మాత్రం వారాల తరువాత గాని తెలియదు. మానినప్పుడు ఇది తలకిందులవుతుంది. మత్తు వదిలి మనిషి తేలికపడతాడు, వీడియో చెప్పిందే నిజమనిపిస్తుంది. నెలల తరువాత జబ్బు తిరగబెట్టినప్పుడు కారణం మాత్ర మానడమేనని ఇంటివారికి తోచదు. స్కిజోఫ్రీనియాపై జరిగిన 65 పరీక్షలను క్రోడీకరించి 2012లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఏడాదిలో మందులు వాడినవారిలో నూటికి 27 మందికి, మానినవారిలో 64 మందికి జబ్బు తిరగబెట్టింది. మందు సర్వరక్షణ కాదు, కాని తేడా స్వల్పమూ కాదు.

నింద అంతా ఫోనుపై మోపడం న్యాయం కాదు. రద్దీలో వైద్యుడు వివరించలేని సందేహానికే ఫోను జవాబిస్తోంది. నగరానికి రానుపోను ఒక రోజు కూలి పోతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం అత్యవసర జాబితాలోని మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా అందించాలి. ఆ మందు ఊరి దగ్గరే దొరికితే మానవలసిన అవసరాల్లో ఒకటి తొలగుతుంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రేయింబవళ్లు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కనుక వీడియో చూసి భయపడినవారిని కసురుకోవద్దు. ఆ సందేహాన్ని కాగితం మీద రాసి వైద్యునికి చూపండి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. ఆ నిర్ణయం వెలువడేవరకు మాత్ర మాత్రం ఆపవద్దు.