ముందుగా చేరితే జరిమానా



తిరుమల కొండకు రెండు ఘాట్ రోడ్లున్న సంగతి మన ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు. మొదటిది 1944లోను, రెండవది 1974లోను ఏర్పడ్డాయి. కొత్త దారిలో బండ్లు ఎక్కుతాయి, పాత దారిలో దిగుతాయి. దిగే దారిలో 36 పెద్ద మలుపులున్నాయి. మన సంఘాల్లోని యువకులు కొందరు ఆ దారుల్లోనే జీపులు, టాక్సీలు తోలి కుటుంబాలను పోషించుకుంటున్నారు. వారిలో ఒకడు ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మాతో ఇలా అన్నాడు: "అయ్యగారూ, లోకంలో యాడైనా ఆలస్యంగా వస్తే జరిమానా వేస్తారు. మా దావలో మాత్రం ముందుగా వస్తే వేస్తారు."

అతడు నవ్వుతూ చెప్పినా మాట నిజమే. టోల్‌గేటు దగ్గర బండి బయలుదేరిన సమయం వేసి చీటీ ఇస్తారు. కొండ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. అంతకంటే ముందుగా అవతలి గేటుకు చేరిన బండి దారిలో వేగంగా వచ్చినట్లే లెక్క. వేరే సాక్షులు అక్కరలేదు. గడియారమే సాక్షి.

సుమారు 19 కిలోమీటర్ల దారిని 40 నిమిషాల్లో దిగడమంటే గంటకు 30 కిలోమీటర్ల లోపే. "ఇంత నెమ్మదిగానా!" అని కుర్రవాళ్లు విసుక్కుంటారు. అయితే కొండ దిగే బండికి బరువే వేగమవుతుంది. మాటిమాటికి బ్రేకు తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే అనుభవమున్న డ్రైవర్లు చిన్న గేరులోనే బండిని దించుతారు. ఈ జాగ్రత్త మరచిన చోట ఏమవుతుందో మన జిల్లాలు చాలాసార్లు చూచాయి. 2022 మార్చి 26వ తేదీ రాత్రి ధర్మవరం నుంచి తిరుపతి వైపు నిశ్చితార్థానికి బయలుదేరిన బస్సు భాకరాపేట ఘాట్‌లో అదుపు తప్పి లోయలో పడింది. శుభకార్యానికి బయలుదేరినవారిలో కొందరు దారిలోనే కన్నుమూశారు.

ఆ టాక్సీ అబ్బాయి మాట మమ్మును చాలా దినాలు ఆలోచింపజేసింది. కొండ మీద ముందుగా చేరడం తప్పు. మరి మన ఇళ్లలో? "మా వాడు తిరుపతి నుంచి ముప్పావు గంటలో వచ్చేసినాడు" అని తండ్రి నలుగురిలో చెప్పుకుంటాడు. మామ భుజం తడతాడు. తమ్ముళ్లు కళ్లు పెద్దవి చేసి వింటారు. అతివేగానికి మొదటి బహుమానం రోడ్డు మీద కాదు, మన వసారాలోనే దొరుకుతున్నది. ఇందులో ఇతరులను నిందించే అర్హత మాకు లేదు. ఎందుకో చెబుతాము.

కొన్ని సంవత్సరాల క్రితం మేము పరిచర్య చేస్తున్న ఒక గ్రామంలో ఒక తల్లి మమ్మును ఇంటికి పిలిపించింది. భర్త కువైట్‌లో పనిచేస్తూ పంపిన డబ్బుతో కుమారునికి కొత్త మోటారు సైకిల్ కొన్నారు. ఆ అబ్బాయి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. వయస్సు పదిహేడు. బండికి పూలదండ కట్టారు. సంఘస్థులు పదిమంది చేరారు. మేము బండి మీద చెయ్యి ఉంచి, ఈ బిడ్డను రాకపోకలలో కాపాడమని ప్రార్థించి, తాళం చెవి మా చేతులతో అతనికి అందించాము. అందరూ ఆమేన్ అన్నారు. స్వీట్లు పంచారు. లైసెన్సు ఉందా అని మేము అడుగలేదు. హెల్మెట్ ఏదని అడుగలేదు. అడిగితే సంతోష సమయంలో ఆ తల్లి మనస్సు నొచ్చుకుంటుందేమో అనుకున్నాము.

మూడు నెలలు తిరగలేదు. ఒక ఉదయం ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, పాల కేంద్రంలో పాలు పోసి ఖాళీ క్యాను చంకన పెట్టుకొని ఇంటికి వస్తున్న ఒక పెద్దమ్మను కల్వర్టు మలుపు దాటిన చోట ఆ బండి గుద్దింది. తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోతూ ఉండగా దారిలోనే ఆమె ప్రాణం విడిచింది. అబ్బాయి మోకాలు నుజ్జయి, స్టీలు రాడ్డు వేశారు. ట్యూషనుకు పది నిమిషాలు ఆలస్యమవుతుందని వేగంగా పోయినాడట. ఆ పది నిమిషాలు ఏ పరీక్షకూ పనికిరాలేదు.

ఆ పెద్దమ్మది కూడా మన సంఘమే. సమాధి కార్యక్రమం మేమే జరిపించాము. అంతా అయిన తరువాత ఆమె కోడలు మా దగ్గరకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. "అయ్యగారూ, ఆ బండికి ప్రార్థన చేసింది మీరే గదా. ఆ పొద్దు దావన నడిచేవాళ్లకోసరం గూడా ఒక మాట అడిగింటే బాగుండు గదా" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. నేటికీ లేదు. తోలేవాని కోసం ప్రార్థించాము గాని, అతని ఎదుట నడిచేవారిని మేము తలచుకోనేలేదు.

మరుసటి వారం మేము ఆ కల్వర్టు దగ్గరకు వెళ్లి, మలుపు నుంచి ఆమె పడిన చోటికి అంగలు వేసి చూచాము. నలభై అంగలు. అంటే సుమారు 30 మీటర్లు. పాఠకులు, ముఖ్యంగా యౌవనస్థులు, ఈ చిన్న లెక్కను శ్రద్ధగా చూడవలెనని మా మనవి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. అడ్డముగా ఉన్న మనిషిని కన్ను చూచి, చెయ్యి బ్రేకు పట్టేలోగా ఆ ఒక్క సెకను గడిచిపోతుంది. బ్రేకు పట్టిన తరువాత మంచి పొడి రోడ్డు మీద మరో 9 మీటర్లు పోయి నిలుస్తుంది. మొత్తం 20 మీటర్లు. అదే బండి 80లో పోతుంటే, బ్రేకు పట్టేలోగానే 22 మీటర్లు గడుస్తాయి, పట్టిన తరువాత మరో 35. మొత్తం 57 మీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టిన తరువాత పోయే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. మంచి చెయ్యి తిరిగినవాడైనా, ఖరీదైన బండి అయినా ఈ లెక్క మారదు. ఇసుక ఉంటే, వాన పడి ఉంటే ఇంకా పెరుగుతుంది. ఆ ఉదయం అతడు 40లో వచ్చి ఉంటే ఆ పెద్దమ్మకు ఇంకా పది మీటర్ల దూరముండగానే బండి నిలిచి ఉండేది.

మరి ఆ వేగం వల్ల మిగిలేదెంత? పల్లె నుంచి టౌనుకు పది కిలోమీటర్లనుకుందాం. 40 వేగంతో 15 నిమిషాలు, 60 వేగంతో 10 నిమిషాలు. మిగిలేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు టీ అంగడి దగ్గర నిలబడితే అయిపోతాయి.

2022వ సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో నూటికి 71 మంది అతివేగం కారణంగా పోయినవారే. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవారు 50,029 మంది. చనిపోయినవారిలో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువారు. అంటే సంపాదించే చేతులు, తల్లిదండ్రులను మోయవలసిన భుజాలు.

ధనము ఈ విషయంలో ఎవరినీ కాపాడలేదు. క్రికెట్ మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ గారి చిన్న కుమారుడు 2011లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మోటారు సైకిల్ ప్రమాదంలో గాయపడి, కొద్ది దినాలకు మరణించాడు. అతనికి పంతొమ్మిదేళ్లు. 2017 మే నెలలో అప్పటి మంత్రి నారాయణ గారి కుమారుడు జూబ్లీహిల్స్‌లో కారు మెట్రో స్తంభాన్ని ఢీకొని స్నేహితునితో సహా చనిపోయాడు. వారికి మంచి బండ్లున్నాయి, మంచి వైద్యులున్నారు. మనకు ఉన్నది ఒక్క బిడ్డ, తీరని అప్పు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన చట్టం ఒకటి ఉన్నది. పద్దెనిమిదేళ్లు నిండనివారు గేరు బండి తోలరాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేక బండి యజమానికి మూడు సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవానికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "మా వాడు బాగా తోలుతాడు సార్" అనే మాట కోర్టులో చెల్లదు.

ఇక విశ్వాసులమైన మనకు మరొక శోధన ఉన్నది. ప్రార్థన చేయించాము గనుక ఏమీ కాదనుకోవడం, బండి ముందు సిలువ గుర్తు అంటించి యాక్సిలేటరు తిప్పడం. దేవాలయ శిఖరము మీది నుంచి దూకుమని, దూతలు ఎత్తి పట్టుకుంటారని శోధకుడు చెప్పినప్పుడు మన ప్రభువు దూకలేదు. అది విశ్వాసము కాదు, దేవుని పరీక్షించడమని ఆయన ఎరుగును. మోషే ధర్మశాస్త్రంలో కొత్త ఇల్లు కట్టినవాడు మేడకు పిట్టగోడ కూడా కట్టవలెననే ఆజ్ఞ ఉన్నది. ఎవరైనా పడిన తరువాత కాదు, పడకముందే కట్టాలి. కట్టనివాని మీదనే ఆ దోషం. పదిహేడేళ్ల పిల్లవానికి తాళం చెవి ఇచ్చిన ఇల్లు పిట్టగోడ లేని మేడ. ఆ మేడకు ప్రతిష్ఠ ప్రార్థన చేసినవారిలో మేమూ ఉన్నాము.

అందుకే మేము ఒక తీర్మానం చేసుకున్నాము. కొత్త బండికి ప్రార్థన చేయుమని ఎవరు పిలిచినా ముందుగా లైసెన్సు చూపమని అడుగుతాము. ఐ.ఎస్.ఐ. గుర్తున్న హెల్మెట్ బండి మీద ఉండాలి, తగిలించుకొని పోవడానికి కాదు, తలకు పెట్టి పట్టీ బిగించుకోవడానికి. ప్రార్థనలో తోలేవాని పేరుతోపాటు ఆ దారిలో నడిచే వృద్ధులను, బడిపిల్లలను, పశువులు తోలుకొనివచ్చే వారిని కూడా జ్ఞాపకం చేస్తాము. ఇద్దరు ముగ్గురు మా మీద అలిగి వేరే పాస్టరు గారి చేత ప్రార్థన చేయించుకున్నారు. అలిగితే అలుగనీయండి. అలిగినవారు మళ్లీ మాట్లాడుతారు.

ఇంటి పెద్దలకు రెండు మాటలు. పిల్లవాడు ఊరి నుంచి వస్తే "ఎంతసేపట్లో వచ్చినావు?" అని అడుగవద్దు. తొందరగా వచ్చినందుకు మెచ్చుకోవద్దు. పది నిమిషాలు ముందుగా బయలుదేరదీయండి, ఆలస్యమైతే కోప్పడకండి. దారిలో ఉన్నవానికి మాటిమాటికి ఫోను చేసి "ఇంకా యాడున్నావు?" అని తరుముతున్నది మనమే కదా!

ప్రమాదం జరిగిన చోట నిలబడి చూడకండి, 108కి ఫోను చేయండి. సహాయం చేసినవారిని పోలీసులు కేసులో ఇరికిస్తారని మన పల్లెల్లో ఇప్పటికీ భయమున్నది. 2019 సవరణలో అటువంటి వారికి చట్టమే రక్షణ కల్పించింది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టరాదు. మంచి సమరయుని కథ చిన్నప్పటి నుంచి విన్నవారము, ప్రక్కగా పోరాదు.

ఆ అబ్బాయి ఇప్పుడు కొద్దిగా కుంటుతూ నడుస్తాడు. బండి అమ్మివేశారు. తెల్లవారి పాల కేంద్రం దారిలో నడవవలసి వస్తే తల వంచుకొని పోతాడు. ఆ కోడలు ప్రతి ఆదివారం మందిరానికి వస్తుంది, చివరి వరుసలో కూర్చుంటుంది. ప్రభు బల్ల దగ్గరకు మాత్రం ఇంకా రావడం లేదు. మేము బలవంతపెట్టలేదు. ఆమె వచ్చే దినము కోసం కనిపెట్టుచున్నాము. ఈ విషయంలో మాత్రం మాకు తొందర లేదు.

ఈ నెల మీ ఇంట్లో బండి తాళం చెవి ఎవరి చేతిలో ఉన్నదో ఒక్కసారి చూచుకొనండి. కుటుంబమంతా కూర్చున్నప్పుడు ఈ పేజీని పిల్లల చేతనే బిగ్గరగా చదివించండి. ప్రభువు చిత్తమైతే వచ్చే నెలలో మరల కలుసుకొందము.