పేరు పెట్టని వానలే ముంచాయి

1999లో కత్రినా అనే తుపాను బలహీనంగా నికరాగువా తీరాన్ని తాకి పోయింది. ఆరేళ్ల తర్వాత అదే పేరుతో వచ్చిన తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచేసింది. అట్లాంటిక్‌లో పేర్ల జాబితా ఆరేళ్లకోసారి తిరిగి మొదలవుతుంది. మరీ ఘోరం చేసిన పేరును మాత్రం పక్కన పెట్టేస్తారు. మన బంగాళాఖాతంలో ఆ తిరకాసు లేదు. 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చాయి. 2020లో 169 పేర్లతో కొత్త జాబితా వచ్చింది. ఒకసారి వాడిన పేరు మళ్లీ రాదు.

అయినా ఒకే పేరు ఊరికో రకంగా దిగడం రాయలసీమకు కొత్త కాదు. 2020 నవంబరు 25 అర్ధరాత్రి దాటాక నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అక్కడ అది గాలి. కడప చేరేసరికి గాలి చచ్చి వాన మిగిలింది. బుగ్గవంక పొంగి కడప నగరంలో కాలనీలు మునిగాయి. అలాంటి ముసురుకు చెరువు నిండిందని సంబరపడే ఊళ్లోనే, నల్లరేగడిలో శనగ విత్తిన రైతు తల పట్టుకుంటాడు. మొలక దశలో పొలంలో నీళ్లు నిలిస్తే విత్తనం కుళ్లిపోతుంది. మళ్లీ విత్తనం, మళ్లీ అప్పు. వర్షపాతం లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే!

అసలు చిక్కు పేరు పెట్టే కొలతలోనే ఉంది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను, అప్పుడే దానికి పేరు. పడవలకు, తాటాకు ఇళ్లకు, కరెంటు స్తంభాలకు ఆ కొలత సరైనదే. సీమను కూల్చేది గాలి కాదు, వాగు. వాగుకు ఎగువన ఎంత వాన పడిందన్నదే లెక్క.

2021 నవంబరు 19 చూడండి. ఆ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది వాయుగుండమే. పేరు లేదు. పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. బాహుదా, పింఛా కలిసి పారే చెయ్యేరు ఒక్కసారిగా మీద పడి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. కార్తీక పౌర్ణమి నాడు పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేటల్లో ఇళ్లు, పశువులు, మనుషులు కొట్టుకుపోయారు. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. అంతకు ఏడాది ముందు నివర్ కోసం టీవీలు రేయింబవళ్లు కాపలా కాశాయి. అంతకంటే ఎక్కువ ప్రాణాలు తీసిన ఈ వానను ఏమని గుర్తుపెట్టుకోవాలో తెలియక జనం కట్ట పేరుతోనే చెప్పుకుంటున్నారు.

కర్నూలుదీ అదే కథ. 2009 కరవు సంవత్సరం. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నగరంలోకి వచ్చేశాయి. మంత్రాలయం మునిగింది. 885 అడుగుల శ్రీశైలం జలాశయంలో నీరు 896 అడుగులకు ఎగబాకింది. వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. దానికీ మూలం పేరు లేని అల్పపీడనమే.

వాయుగుండాలకు కూడా పేర్లు పెట్టమని నేను అడగను. ఏటా అన్ని పేర్లు మోగితే ఎవరూ చెవిన పెట్టరు. ‘తీరం దాటింది, బలహీనపడింది’ అనే వార్తే మాకు ప్రమాదం. ఆ మాట వినగానే యంత్రాంగం ఊపిరి పీల్చుకుంటుంది, మాకు వాన అప్పుడే మొదలవుతుంది. బులెటిన్‌లో తీరపు జిల్లాల పక్కనే పరీవాహక ప్రాంతాల లెక్క ఉండాలి. చెయ్యేరుకు, పాపాఘ్నికి, కుందూకు, హంద్రీకి ఎగువన ఎన్ని మిల్లీమీటర్లు పడొచ్చు, కింది జలాశయంలో ఎంత ఖాళీ ఉంది అన్నది మండలం దాకా చేరాలి. ఇందుకు కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు, వాతావరణ శాఖ, జలవనరుల శాఖ కాగితాలు ఒక బల్ల మీదికి రావాలి. అంతకంటే ముందు, అక్టోబరు మొదటి వారానికల్లా ప్రతి ప్రాజెక్టులో ఏ గేటు లేస్తుందో, ఏది లేవదో రాసి కింది గ్రామాల పంచాయతీ కార్యాలయాల గోడకు అంటించాలి.