ఆఫర్ల గోలలో అసలు అలర్ట్ పోతోంది

ఆండ్రాయిడ్ 8.0 ఓరియోతో 2017లోనే గూగుల్ నోటిఫికేషన్ చానెల్స్ తెచ్చింది. ఆర్డర్ అప్‌డేట్స్‌కి ఒకటి, ఆఫర్లకి ఇంకొకటి అని డెవలపర్ వేరు చేసి పెడితే, మనకి అక్కర్లేనిది ఒక్కటే ఆపుకోవచ్చు. ఏపీఐ బాగానే ఉంది, చాలా యాప్స్ దాన్ని వాడే తీరే బాలేదు.

నా ఫోన్‌లో ఉన్న ఒక ఫుడ్ డెలివరీ యాప్‌నే తీసుకోండి. "ఆకలేస్తోందా?" అనే మెసేజ్, "మీ ఆర్డర్ గేటు దగ్గరికొచ్చింది" అనే మెసేజ్ రెండూ ఒకే చానెల్‌లో వస్తాయి. ఒకటి ఆపితే రెండోదీ పోతుంది. ఫుడ్ అయితే సరే, అకౌంట్‌లో డబ్బులు కట్ అయ్యాయని చెప్పాల్సిన యాప్ కూడా లోన్ ఆఫర్లతో కలిపి పంపితే? విసిగిపోయి మొత్తం ఆపేసినవాళ్లకి ఆ అలర్ట్ ఇక కనిపించదు.

2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13లో, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యాప్ నోటిఫికేషన్లకి ముందు మన పర్మిషన్ అడగాలి. మంచిదే, కానీ అక్కడ జవాబు అవును లేదా కాదు, అంతే. అసలు పని చానెల్స్‌దే. వాటిని సరిగ్గా విడగొట్టని యాప్‌కి రేటింగ్ తగ్గించాల్సిందేనని నా అభిప్రాయం. మీరూ ఒకసారి యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్ తెరిచి చూడండి. అన్నిటికీ ఒకే ఒక్క స్విచ్ ఉంటే, ప్లే స్టోర్ రివ్యూలో ఆ మాటే రాయండి.